రెండో గడి వాళ్ళ కిడ్నీలు

ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఇకమీదట ‘జాతి’ అనే మాట వాడరాదని పెద్ద డాక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఆ మాట అశాస్త్రీయమట. దాని బదులు ‘పూర్వీకుల మూలం’ అని రాయాలి. ఈ సంగతి తేల్చడానికి ఎనిమిదిమంది పండితుల కమిటీ ఏడాదిపాటు కూర్చుంది. ఆ కుర్చీల ఓపికకు దండం పెట్టాలి.

ఫారాలన్నిటిలో ఆ మాట దిద్దే పని టైపిస్టు నెత్తిన పడింది. వేళ్ళు నొప్పెట్టేలా దిద్దింది. మాట మారింది గానీ, దాని కింద నాలుగు గళ్ళు అలాగే ఉన్నాయి. నింపే పద్ధతీ మారలేదు: కౌంటరు గుమాస్తా రోగి ముఖం రంగు ఒకసారి చూసి టిక్కు పెడతాడు. ముత్తాతల మాట దేవుడెరుగు, తాత ఊసైనా ఎత్తడు. మబ్బు పట్టిన రోజుల్లో రెండో గడి వాళ్ళు ఎక్కువగా వస్తున్నారని విభాగం వారి లెక్కలు కూడా చెబుతున్నాయి.

నాలుగో రోజు టైపిస్టు చేతికి సొంత తమ్ముడి ఫారం వచ్చింది. అతను ఇళ్ళకు పైకప్పులు వేసే మేస్త్రీ, ఎండకు మాడినవాడు. కిడ్నీలు పాడై, కాళ్ళు వాచి, కొత్త మందు ఇస్తున్నారంటే ఆశగా వచ్చాడు. గుమాస్తా రెండో గడిలో టిక్కు పెట్టాడు. రెండో గడి వాళ్ళ కిడ్నీలు పుట్టుకతోనే గట్టివని విభాగం ఏనాడో తేల్చింది కాబట్టి, కంప్యూటరు వాటికి పది మార్కులు కలిపి, ఆరోగ్యవంతుడివి, ఇంటికి వెళ్ళమంది. నిరుడు ఇదే కౌంటరులో అక్కకు ఒకటో గడి ఇచ్చారు. ఇద్దరికీ ఒకే అమ్మ, ఒకే నాన్న. కాకపోతే ఆవిడది నీడపట్టు ఉద్యోగం.

ఫారం పట్టుకుని పెద్ద డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన శాంతంగా విన్నారు.

“చూడమ్మా, మాట సరిచేశాం. ఇక ఫారంలో తప్పుండే అవకాశమే లేదు. ఇంత కచ్చితమైన భాష వాడాక కూడా మీ తమ్ముడికి జబ్బుందంటే, అది కమిటీని అవమానించడమే.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని కౌంటరుకు వచ్చింది.

“అన్నా, వాడు నా తోడబుట్టినవాడు.”

“ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా,” అని గుమాస్తా టిక్కు కొట్టేసి ఒకటో గడిలో పెట్టాడు.

రెప్పపాటులో తమ్ముడి వంశం మారింది, కిడ్నీలు చెడ్డాయి, వార్డులో మంచం దొరికింది. ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

వరసలో తర్వాత ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె కాళ్ళూ అలాగే వాచాయి. గుమాస్తా తలెత్తి చూసి రెండో గడిలో టిక్కు పెట్టాడు. టైపిస్టు నోరు తెరవబోయి, మన పని అయింది కదా, మనకెందుకొచ్చిన గొడవ అనుకుని తన సీటుకు వెళ్ళిపోయింది.

అదే మనమైతే అలా వెళ్ళిపోయేవాళ్ళమా? వరసలో మనవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకుని మరీ వెళ్ళేవాళ్ళం.