ఏ మాత్రం దొరకని గాజు

మాండలే నగరంలో నేరస్థులెవరికీ కంటినిండా నిద్ర లేదంటే దానికి కారణం తానేనని ఉల్లిపాయల వ్యాపారి బోజిన్ గట్టి నమ్మకం. "నా కన్ను గప్పి తప్పించుకున్న నేరం ఇంతవరకూ లేదు చెల్లెమ్మా" అన్నాడు జేడ్ అనే పచ్చరాయి అమ్మే బజారులో అడుగుపెడుతూనే. నిజమే. అసలు ఏ నేరమూ అతని కంట పడలేదు, ఇక తప్పించుకోవాల్సిన అవసరం దానికెందుకు వస్తుంది?

తీరీకి నవ్వే ఓపిక లేదు. రెండు నెలల కిందట పగోడా మెట్ల మీద అమ్మ జారిపడింది. చేతి జేడ్ గాజు ముక్కలైంది గానీ అమ్మకి గోరంత గాయం కాలేదు. తన దెబ్బంతా గాజే తీసుకుందని అమ్మ నమ్మకం. అప్పట్నుంచీ బోసి చేత్తో గేటు దాటనని ఇంట్లోనే కూర్చుంది. నకిలీది తెస్తే ఇట్టే కనిపెట్టేస్తుంది. తోడుగా ఉంటాడని ఈ పెదనాన్న కొడుకుని వెంట పంపింది కూడా అమ్మే.

టీ కొట్టు దగ్గర బోజిన్ ఠక్కున ఆగిపోయాడు. పక్క బల్ల దగ్గర ఇద్దరు వర్తకులు మాట్లాడుకుంటున్నారు.

"బీని యాసిడ్‌లో వేశారు. లోపలంతా కొట్టుకుపోయింది."

"సీకి రంగు పూసి సరిహద్దు దాటించారు. ఏ మాత్రం దొరకట్లేదు."

బోజిన్ తీరీని పక్కకి లాగాడు. "విన్నావా? ఒక హత్య, ఒక అపహరణ. మూడో మనిషి పరారీ."

"అన్నా, వాళ్ళు మాట్లాడేది..."

అప్పటికే అతను గాజులమ్మే డా న్యో అంగడి ముందున్నాడు. "ఏ ఎక్కడ?"

"ఇదిగో" అంటూ ఆవిడ గాజుల పళ్ళెం జరిపింది.

"ప్రాణాలతోనే ఉందా?"

"గనిలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది బాబూ. కోసి మెరుగుపెట్టాం, అంతే. ఏ రకమంటే అదే. మచ్చలు పోవడానికి యాసిడ్‌లో నానబెట్టి, సందుల్లో జిగురు నింపితే బీ. కొన్నేళ్ళకి పసుపుబారుతుంది. రంగేసింది సీ, ఎండకి వెలిసిపోతుంది. నా దగ్గర అన్నీ ఏ రకమే."

"నేరం చేసినవాళ్ళే ఇంత వివరంగా చెప్తారు" అని తీరీ చెవిలో గొణిగాడు బోజిన్. ముద్దాయిని దగ్గర్నుంచి పరీక్షిద్దామని, తీరీ ఎంచుకున్న గాజులోకి చెయ్యి దూర్చాడు. గాజు ఎక్కింది. మళ్ళీ దిగలేదు.

సబ్బునీళ్ళు పోశారు, వేరుశెనగ నూనె రాశారు. గాజు కదల్లేదు.

"ఎక్కి దిగకపోతే కొన్నట్టే. మా బజారు పద్ధతి అది" అంది డా న్యో.

తీరీకి ఏడుపొచ్చింది. "అది అమ్మకి అన్నా. ఇంకోటి కొనే తాహతు నాకు లేదు."

బోజిన్ కంగారుగా చెయ్యి విదిలించాడు. గాజు వెళ్ళి ఇత్తడి త్రాసుకి తగిలింది. టక్కుమంది, చెక్కని కొట్టినట్టు.

చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి. టీ కొట్టు వర్తకులిద్దరూ లేచి వచ్చారు. "ఏ రకమైతే గంటలా మోగాలి కదా న్యో? ఇది జిగురు నింపిన బీ పలుకు."

"నాకు అమ్మినవాడు ఏ అనే చెప్పాడు" అంది డా న్యో తల దించుకుని. ఇంకో గాజుని దారానికి వేలాడదీసి చిన్న రాతి కడ్డీతో తట్టింది. ఆ మోత చాలాసేపు వినిపించింది. అదే ధరకి దాన్ని తీరీ చేతిలో పెట్టి, "ఆయన చేతిది ఊరికే ఆయన్నే ఉంచుకోమను. ఊరంతా చెప్పొద్దను" అంది.

ఇంట్లో అమ్మ ఆ గాజుని చెవి దగ్గర పెట్టుకుని చెంచాతో తట్టి విన్నది. చేతికి ఎక్కించుకుంది. "నా చెప్పులేవే?" అని అడిగింది. తీరీకి కన్నీళ్ళు ఆగలేదు.

"నేను ముందే పసిగట్టాను పిన్నీ. అందుకే ఆ నకిలీదాన్లో చెయ్యి పెట్టాను" అన్నాడు బోజిన్.

"నీకు బాగా నప్పిందిరా. పద, గొడుగు పట్టు. ఇద్దరం గాజులేసుకుని వీధంతా తిరిగొద్దాం" అంది అమ్మ గేటు తీస్తూ.