మూడు తీరాల దీవి

ఆ చిన్న దీవిలో మూడు సుప్రసిద్ధ సముద్రతీరాలు ఉన్నవని సందర్శకులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. అంత చిన్న దీవిలో ఇన్ని తీరాలు ఎలా పట్టాయని కొందరికి సందేహం రావచ్చు. భగవంతుడి సృష్టిని శంకించడం మనకు తగదు. అందులో హోటలు మేనేజరు చెయ్యి కూడా ఉంటే, అసలే తగదు.

లెక్కల మాస్టారి భార్య కోరిక చిన్నది. ఒక్క సాయంత్రమైనా సముద్రం ఎదుట భర్త పక్కన ఊరికే కూర్చోవాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన మాటిచ్చారు. తర్వాత పరీక్ష పేపర్లు అడ్డం వచ్చాయి. రిటైరయ్యాక ఇప్పటికి కుదిరింది.

తీరా వచ్చాక కూర్చునే తీరిక లేదు. పొద్దున ‘సూర్యోదయ తీరం’లో దిగగానే గైడు ఈల వేశాడు. ఇసుకలో నడిచే కార్యక్రమం, గవ్వలు ఏరే కార్యక్రమం, అలలను చూసి ఆశ్చర్యపోయే కార్యక్రమం. ఆశ్చర్యం సగంలో ఉండగానే మళ్ళీ ఈల. ఆ కంగారులో ఆవిడ చెప్పులు ఒడ్డునే మరిచి బస్సెక్కింది.

ఎండ తగలకుండా బస్సు కిటికీలకు దట్టమైన తెరలు దించడం అక్కడి మర్యాద. తిరిగి తిరిగి బస్సు మధ్యాహ్నానికి ‘ముత్యాల తీరం’ చేరింది. పొద్దుటిదానికంటే ఇది ఎంతో శుభ్రంగా ఉందన్నారు అందరూ.

"నీళ్ళ రంగే వేరు!" అన్నారు మాస్టారు. ఉద్యోగమంతా పిల్లలకు వృత్తాలు బోధించినవారాయన.

"ఏమండీ, ఇవి నా చెప్పులే! తెగిన పట్టీకి నేను పెట్టిన పిన్నీసు ఇదిగో!"

"ఊరుకోవే, నలుగురిలో పరువు తీయకు."

మేనేజరు చిరునవ్వుతో ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా! మా దీవి ప్రత్యేకతే అది. యాత్రికులు ఏ తీరాన ఏది మరిచినా, సముద్రుడు దాన్ని తర్వాతి తీరానికి చేర్చి మరీ అప్పగిస్తాడు. ఈ సదుపాయం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు!"

చప్పట్లు మోగాయి. చాలామంది కావాలనే చెప్పులు విడిచి బస్సెక్కారు.

ఆవిడ మాత్రం ఇసుకలో చతికిలబడింది.

"లేవవేం? ఇంకా సూర్యాస్తమయ తీరం చూడొద్దూ?"

"మీరు వెళ్ళి రండి. ఎలాగూ ఇక్కడికే వస్తారుగా."

మాస్టారు బస్సును చూశారు, భార్యను చూశారు. ఈల వినబడేసరికి కాళ్ళు వాటంతటవే బస్సు వైపు నడిచాయి.

సాయంత్రం బస్సు ‘సూర్యాస్తమయ తీరం’లో ఆగింది. ఎవరి చెప్పులు వాళ్ళకు దొరికాయి. భక్తిగలవాళ్ళు సముద్రుడికి దండం పెట్టుకున్నారు. గైడు దూరంగా కూర్చున్న ఒకావిడను చూపించాడు.

"అదిగో, ఇక్కడి జనం ఇలాగే పనీపాటా లేకుండా కూర్చుంటారు. పాపం, కార్యక్రమాలంటే ఏమిటో తెలియదు."

అందరూ జాలిపడి ఫొటోలు తీశారు. మాస్టారు కూడా ఫోను ఎత్తారు. ఫోను తెర మీద మొదట కనిపించింది పిన్నీసు పెట్టిన చెప్పు. ఫోను జేబులో పెట్టి, మెల్లగా వెళ్ళి ఆవిడ ఎదుట నిలబడ్డారు.

"కాస్త జరగండి. సముద్రం కనబడ్డంలేదు," అందావిడ.

ఆయన జరిగి, పక్కన కూర్చున్నారు. ఈల మోగింది. మళ్ళీ మోగింది. ఆయన లేవలేదు.

ఆ దీవిలో ఇప్పుడు నాలుగో తీరం కూడా ఉంది. పేరు ‘ప్రశాంత తీరం’. మాస్టారు దంపతులు ఊరికి వెళ్ళిపోయాక, వాళ్ళ చోట హోటలు తోటమాలినీ అతని భార్యనూ జీతమిచ్చి కూర్చోబెడుతున్నారు. అక్కడ మాత్రం బస్సు తెరలు ఎత్తుతారు. మీరు వెళ్ళినప్పుడు తప్పక చూడండి. దిగనక్కర్లేదు. మీకెలాగూ అంత తీరిక ఉండదు.