అత్తగారి పేరు పెట్టిన కుక్క

శనివారం పొద్దున ఉయరాక్ వేసుకున్న పథకం చిన్నదే. కుక్కబండ్ల పందెంలో నాలుగేళ్లుగా ఆఖరున వచ్చేది అతనే. వచ్చే శనివారమైనా ఆ తలవంపులు తప్పాలి. అందుకని బండికి ముందు కట్టే కొత్త ఆడకుక్కకు గట్టి పేరొకటి కావాలి. మా మంచుతీరంలో పోయినవాళ్ల పేరు పెడితే వాళ్లే తిరిగి వచ్చినట్టు.

బాగా ఆలోచించి, కిందటి చలికాలం పోయిన అత్తగారి పేరు పెట్టాడు: కుబ్లు. భార్య పనిక్‌పాక్ మురిసిపోతుంది. పైగా అత్త బతికుండగా నోరెత్తని అల్లుడు ఇప్పుడు ఎంత గట్టిగానైనా కేకలెయ్యొచ్చు.

పనిక్‌పాక్ మురిసిపోయి ఊరుకోలేదు. కళ్లనీళ్లతో అమ్మను ఇంట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన ఉయరాక్ చోటులో పడుకోబెట్టింది. మధ్యాహ్నానికి ఊరంతా దిగింది. కుబ్లు మా ఊరి మంత్రసాని. మాలో ఎవరి తొలి వేటైనా మొదటి ముక్క ఆమెకే ఇచ్చేవాళ్లం. ఆ మర్యాద ఇప్పుడూ తప్పలేదు. ఇంత చెబుతున్న నేనూ తినడానికి తిమింగలం తోలు పట్టుకెళ్లినవాణ్ణే. ఆమె తమ్ముడు, ముసలి అమరుక్, రోజూ చేప తెచ్చి అక్కకు ఊరి కబుర్లు చెప్పేవాడు. నాలుగు రోజుల్లో కుక్క పీపాలా తయారైంది.

పరుగు నేర్పుదామని ఉయరాక్ కొరడా తీస్తే భార్య అడ్డుపడింది.

"మా అమ్మ మీదకే?"

"కొట్టనులే. ఎడమకి తిరగమంటాను, అంతే."

"అల్లుడు అత్తకి పని చెప్తాడా ఎక్కడైనా? నాతో చెప్పు, నేను చెప్తా."

"అయితే మీ అమ్మని, వీలు చూసుకుని, కాస్త ఎడమకి తిరగమను."

తన తెలివి తెల్లారిందని ఉయరాక్‌కు అప్పుడే అర్థమైంది. పోనీ పేరు మారుద్దామన్నాడు.

"అమ్మని రెండోసారి పంపించెయ్యమంటావా?" అంది పనిక్‌పాక్. ఉయరాక్ కొరడా పక్కన పెట్టేశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పందెం రోజు, అత్తకు మాట అందించడానికి భార్యనూ బండెక్కించుకున్నాడు. జెండా ఊపారు. మిగతా మా ఎనిమిది బండ్లూ కదల్లేదు. అందరం కుబ్లు చేతుల్లో పుట్టినవాళ్లమే, ఆమెను దాటి ఎలా పోతాం? ఆమె తీరిగ్గా నడిచింది, మేమూ వెనకే నడిచాం. గెలుపు గీత కేకవేటు దూరంలో ఉండగా కూర్చుంది. మేమూ ఆగి టీ కాచుకున్నాం. మొదటి స్థానం ఖాయమని ఉయరాక్ పొంగిపోతూ మాకు చెయ్యి ఊపాడు.

"అమ్మకి బరువైనట్టుంది, నువ్వు దిగు," అంది పనిక్‌పాక్.

దిగాడు. సరిగ్గా అప్పుడే అవతల గీత దగ్గర అమరుక్ చేప పైకెత్తి, "అక్కా, తిందువుగాని రా," అని పిలిచాడు. కుబ్లు దూసుకుపోయింది. వెనక మేం ఎనిమిది మందిమి. ఉయరాక్‌ను దాటడానికి మాకు ఏ మర్యాదా అడ్డురాలేదు.

పతకం కుబ్లు మెడలో వేశారు. ఐదో ఏడూ ఉయరాకే ఆఖరు, ఈసారి బండి కూడా లేకుండా.