వంగడంలో సీనియారిటీ

“కాళ్లు మెడకి చుట్టుకుపోయి ఊడి రాకపోతే ఎవరు విప్పుతారే?” అని మా లోయిస్‌ని అడిగాను. అప్పటికి మేమింకా చెప్పులైనా వేసుకోలేదు.

“నీ భయాలకి ఆదివారమైనా సెలవుండదేటే అమ్మా?” అంది నా కూతురు.

సుతిమెత్తని హఠయోగం మనుషులు కనిపెట్టిన వ్యాయామాలన్నిటిలోకీ అపాయం లేనిది. కలకత్తా పక్కన మా బడ్జ్ బడ్జ్‌లో, పాత రేవు వీధి ఆరోగ్య సమితి వారు దాన్నుంచి మిగిలిన అపాయం కూడా తీసేశారు. కొత్తగా చేరేవాళ్లు అక్కడ ఏం జరుగుతుందోనని బెంగ పెట్టుకుంటారు కాబట్టి, బెంగ విషయంలో అనుభవం ఉన్నదాన్ని, నేనే రాస్తున్నాను.

నేను వెళ్లింది నా కోసం కాదు, మా పెద్దాడు జీవరత్నం కోసం. జనపనార మిల్లు గేటుకి లాకౌట్ నోటీసు అంటించిన రోజున ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది వానలకి ముందు మాట. ఇప్పుడు దుర్గాపూజ పందిళ్లకి వెదుళ్లు పాతుతున్నారు. అన్నం పెడితే తింటాడు, పిలిస్తే పలకడు. డాక్టరు చూసి నరాలు బిగుసుకున్నాయి, తేలికైన యోగా చేయించమన్నాడు. వాడి నోట మాట వస్తే చాలని నేనూ లోయిసూ చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్లాం.

ముందుగా మనం కొత్తవాళ్లమని రుజువు చేసుకోవాలి. ఇంతవరకూ ఎన్నడూ యోగా చెయ్యలేదని పేటలో ఇద్దరు పెద్దమనుషులు హామీ ఉండాలి. (పసితనంలో కాలి బొటనవేలు నోట్లో పెట్టుకున్నది లెక్కలోకి రాదని నేను గట్టిగా అడిగి తెలుసుకున్నాను.)

సమితికి కార్యదర్శి నిమాయ్ దాదా (బెంగాలీలో దాదా అంటే అన్న). మిల్లు యూనియన్‌కి కూడా ఆయనే కార్యదర్శి. ఆయన కింద ఒక ఆసన ఉపకార్యదర్శి, ఒక శ్వాస ఉపకార్యదర్శి. ఈ రెండో ఆయన రాని రోజున ఎవరి ఊపిరి వాళ్లు సొంత బాధ్యత మీద తీసుకోవాలి. ఊపిరి బిగబట్టాక కరెంటు పోతే, వదలమనే సైగ కనబడదు కదా, దీపం తెచ్చేదాకా అలాగే ఉండాలా అని అడిగాను. మంచి ప్రశ్న అన్నారు. దాని మీద ఉపసంఘం వేశారు.

అన్నిటికంటే పెద్ద నియమం, నిమాయ్ దాదా వంగినదానికంటే ఎవరూ ఎక్కువ వంగకూడదు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కాస్త పొట్ట కూడా. ఆయన చేతులు తొడల దగ్గర ఆగుతాయి. మేమూ అక్కడే ఆగుతాం. మొన్న గార్డెన్ రీచ్ నుంచి వచ్చిన ఒకతను తెలియక తన కాలివేళ్లు అందుకున్నాడు. దాదా కోప్పడలేదు, ఇది వ్యక్తివాదమని బాధపడ్డారంతే. (సుతిమెత్తని అంటే ఇదే.) అతను వేళ్లు వదిలేసి అందరికీ క్షమాపణ చెప్పాడు.

పై తరగతిలో ఖాళీ వస్తే తప్ప ఎవరూ కొత్తవాళ్ల తరగతి దాటరు. హారాధన్ బాబు జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో చేరారట. ఇప్పుడు ఆ జుట్టే లేదు గాని, కొత్తవాళ్లందరిలోకీ ఆయనే సీనియరు. బంద్ రోజున కూడా క్లాసుంటుంది, కాకపోతే కదలకూడదు. మిగతా రోజులకీ దానికీ తేడా తెలియాలంటే కొంత సాధన కావాలి.

ఇదంతా మన చర్చివాళ్లు చెయ్యొచ్చా అని మా పాస్టరు అయ్యగారిని అడిగాను. ప్రార్థన చేసి చెబుతానన్నారు. మరుసటి ఆదివారం ఆరాధన అవగానే చాప చంకన పెట్టుకుని వచ్చి మా వెనక వరసలో పడుకున్నారు. నడుంనొప్పట.

చివర శవాసనం. వేరే పేరేదైనా పెట్టకూడదా అన్నాను. “మాసీమా,” అన్నారు నిమాయ్ దాదా (అంటే పిన్ని అని; మా ఇద్దరిదీ ఒకటే వయసు), పేరు మార్చాలంటే జిల్లా స్థాయిలో తీర్మానం కావాలని ఓపిగ్గా చెప్పారు.

అందులో మా జీవరత్నం అందరినీ మించిపోయాడు. వేలు కూడా కదపలేదు. దాదా వాడి పక్కన నిలబడి, ఇంత క్రమశిక్షణ ఈ పేటలో ఎన్నడూ చూడలేదన్నారు. ఇంటి దగ్గర సాధన చేస్తాడా అని అడిగారు. పగలంతా చేస్తాడని చెప్పాను. పూజ రోజుల్లో పందిట్లో ప్రదర్శనకి పెడదామన్నారు. మంచు పడితే జలుబు చేస్తుందేమోనని నా భయం నేను చెప్పాను.

గంట కొట్టారు. అందరూ పక్కకి ఒత్తిగిలి లేచారు. మావాడు లేవలేదు. నిదానంగా లేవమని, తొందరేం లేదని దాదా చెప్పారు. అయినా లేవలేదు. అయ్యగారు చాప చుట్టడం ఆపేశారు. నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. (శ్వాస ఉపకార్యదర్శి కూడా వంగి చూసి ఆమోదించారు.)

“లెగరా నాయనా,” అన్నాను.

వాడు కళ్లు తెరిచి, నన్ను కాదు, నిమాయ్ దాదాని చూశాడు.

“మిల్లు ఎప్పుడు తీస్తారు, దాదా?”

వాడి గొంతు విని ఎన్నాళ్లయిందో. తుప్పు పట్టిన తలుపులా ఉంది. లోయిస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అందరం దాదా వైపు తిరిగాం. ఆయన కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. బయట ఆయిల్ డిపో లారీ ఒకటి వెళ్లింది, దాని వెనక ఇంకొకటి వెళ్లింది. దాదా కంటే ముందు ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి మేం అలాగే నిలబడ్డాం.

దాదా చేతులు తొడల దాకా పోనిచ్చి, వాడి మీదికి వంగారు.

“పడుకో బాబూ. చాలా బాగా చేస్తున్నావు.”