పర్మనెంటు మచ్చ

"సూర్యుడి మీద కుడిపక్క దిగువన ఉన్న అర్ధచంద్రాకారపు మచ్చ మన విభాగం సొత్తు!"

భౌతికశాస్త్రం ప్రొఫెసరుగారు ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఏటా మొదటి క్లాసులో ఈ ప్రకటన చేస్తున్నారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఆ మచ్చను ఆయన చదువుకునే రోజుల్లోనే కనిపెట్టారు. దానిమీదే డాక్టరేటు, దానిమీదే ప్రమోషను. మామూలు మచ్చలు కొన్ని వారాల్లో చెరిగిపోతాయి. ఇది మాత్రం ఆయన ఉద్యోగంలాగే పర్మనెంటు.

పిల్లలంతా సీనియర్ల రికార్డులు ముందు పెట్టుకుని మచ్చను దించేవారు. ఖగోళమే చదువుతానని ఇంట్లో పోట్లాడి వచ్చిన ఒకమ్మాయి మాత్రం రోజూ టెలిస్కోపు తిప్పి, తెల్లకాగితం మీద సూర్యబింబాన్ని పట్టి, ఉన్నది ఉన్నట్టు గీసింది. నలభై పేజీలు. ఒక్కదాంట్లోనూ ఆ మచ్చ లేదు!

"మచ్చేదమ్మా?" అన్నారు ప్రొఫెసరుగారు పెన్ను మూసేస్తూ.

"కనబడలేదు సార్."

"నీకు కనబడకపోతే సూర్యుడిదా తప్పు? సంతకం పెట్టను. ఏడాది పోతుంది, చూసుకో."

ఆమెకు ఏడుపొచ్చింది. అంతకు రెండింతలు కోపమొచ్చింది. "ఒక్కసారి మీరే వచ్చి చూడండి సార్!"

క్లాసంతా వింటోంది. ఆయనకు వెళ్ళక తప్పలేదు. టెలిస్కోపు మూత ఎటు తిప్పాలో ముసలి అటెండరు చూపించాడు. కాగితం మీద సూర్యుడు కడిగిన ముత్యంలా పడ్డాడు. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మాయమైపోయింది! రాసుకోండి, ఈరోజు పదకొండు గంటల పది నిమిషాలకు! ఇది ఇంకా గొప్ప ఆవిష్కరణ!"

"మరి నా రికార్డు సార్?"

"నిన్నటిదాకా ఉన్న మచ్చని నలభై రోజులు చూడలేదంటే అది నిర్లక్ష్యం. నాలుగింటికల్లా దిద్దుకురా."

ఆమె ల్యాబులో తల పట్టుకుని కూర్చుంది. అటెండరు టీ తెచ్చి పక్కన పెట్టాడు.

"ఆయన చదువుకునే రోజుల్లో ఆయన రికార్డు మీద కప్పు పెట్టింది నేనేనమ్మా. అడుగున టీ కారింది. చెబుదామనుకునేలోపే డాక్టరేటు వచ్చేసింది."

"ఇన్నేళ్ళూ ఊరుకున్నావా బాబాయ్?"

"పెద్దవాళ్ళ కష్టార్జితం, మనమెందుకు పాడుచెయ్యాలి?"

ఆమె కప్పు వైపు చూసింది. రికార్డు వైపు చూసింది. "ఇంకో కప్పు తెస్తావా? చక్కెర కాస్త ఎక్కువెయ్యి."

నాలుగింటికి ప్రొఫెసరుగారు పేజీలు తిరగేస్తుంటే ముఖం వికసించింది. "ఇదీ పరిశీలనంటే! ఎంత సహజంగా ఉందో!"

నలభయ్యో పేజీలో మచ్చ అంచున ఒక చీమ ఆగి ఉంది. ఆయన చీమను చూశారు. ఆమెను చూశారు. తర్వాత చీమను మెల్లగా ఊదేసి, సంతకం పెట్టారు.