గుర్తింపు బెరడు

ఒక పెద్ద అడవిలో దుప్పులు, నెమళ్లు గట్టు మీద కాపురముండేవి. తాబేళ్లు, కప్పలు, ఎండ్రకాయలు పల్లంలో, మడుగులో. గట్టు మీద వాళ్లకి పచ్చిక చాలడం లేదు. మడుగు ఎండగట్టేస్తే బోలెడంత బయలు వస్తుందని అడవి సభ అధ్యక్షుడు దుప్పి భూపతి ఆలోచన.

ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచీ తాబేలు నాంచారమ్మకి తిండి సయించలేదు. డెబ్భై ఏళ్ల జీవితంలో ఆ మడుగు తప్ప వేరే నీళ్లు ఎరగదామె.

"దిగులెందుకు పెద్దమ్మా, ఎన్నికల్లో నేను నిలబడతాను," అన్నాడు ఎండ్రకాయ కోటయ్య.

"నిలబడతావు సరే, నడిచేది అడ్డంగానేగా?"

"అడ్డంగానైనా మడుగు వైపే నడుస్తాను."

"అయితే నా ఓటు నీకే," అంది నాంచారమ్మ.

కిందటిసారి భూపతి ఏడు ఓట్ల తేడాతో గట్టెక్కాడు. ఈసారి మడుగునిండా కప్పపిల్లలు. ఆ అడవిలో గుడ్డు పగిలిన రోజే ఓటు వస్తుంది. అందుకని సభ కార్యదర్శి నక్క పానకాలు ఒక రోజు భూపతి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు.

"అయ్యా, దొంగ ఓట్లు పెరిగిపోయాయి."

"ఎన్ని?"

"పన్నెండేళ్లలో ఒకటి. కాకి గూటి చిరునామాతో కోకిల పిల్ల వేసింది."

"ఒక్కటేనా!"

"దొరికింది ఒకటండీ. దొరకనివి ఎన్నున్నాయో ఎవరు చూశారు? ఎవరూ చూడలేదంటేనే చూడండి, ఎంత తెలివిగా వేస్తున్నారో."

అలా చట్టం వచ్చింది. ఓటరు ప్రతి ఒక్కరూ తమ రూపం చెక్కిన బెరడు ముక్క తెచ్చుకోవాలి. చెక్కేది వడ్రంగి పిట్ట. ఓటు వేసే రోజు బెరడులో ఎలా ఉన్నారో అలాగే కనిపించాలి. చెక్కడం ఆషాఢంలో, ఓట్లు కార్తీకంలో.

"మధ్యలో అన్నాళ్లు ఎందుకయ్యా?" అన్నాడు భూపతి.

"ఆషాఢంలో కప్పపిల్లలకి తోకలుంటాయండీ. కార్తీకానికి ఉండవు."

భూపతి విరగబడి నవ్వాడు. కొమ్ములు తీగల్లో చిక్కుకుంటే విడిపించడానికి ఇద్దరు రావాల్సి వచ్చింది.

బెరడు చెక్కే కేంద్రం గట్టు కొసన పెట్టారు. కప్పపిల్లల్ని ఆకుదొన్నెల నీళ్లలో మోసుకెళ్లారు. తాబేళ్లన్నీ ఒకే రోజు బయల్దేరాయి. పద్దెనిమిదో రోజుకి నాంచారమ్మ ఒక్కతే చేరింది. బల్ల వెనక పానకాలు కూర్చుని ఉన్నాడు.

"పుట్టిన తేదీకి రుజువు?"

"ఇసుకలో పుట్టాను బాబూ. పక్కన ఎవరూ లేరు."

"మీ అమ్మ?"

"గుడ్లు పూడ్చేసి వెళ్లిపోయింది. మా వాళ్లంతా అంతే."

"చిరునామా?"

"ఇదిగో, వీపు మీద."

"చిరునామా కదలకూడదమ్మా."

"మీరు ఇంత దూరం పిలిపించబట్టి కదిలింది. లేకపోతే మడుగు ఒడ్డునే ఉండేది."

మూడు రోజులు కూర్చోబెట్టి, ఆమె చచ్చిపోయేలా లేదని తేలాక వడ్రంగి పిట్ట ముందుకి పంపారు. పిట్ట బెరడు మీద టక్కుమని ముక్కుతో కొట్టింది. నాంచారమ్మ తల లోపలికి పోయింది.

"తల బయటపెట్టమ్మా."

పెట్టింది. టక్. మళ్లీ లోపలికి.

"నేనేం చేసేది నాయనా, చప్పుడైతే అదే పోతుంది. నేను చెప్తే వినదు."

ఎనిమిదిసార్లయ్యాక పిట్టకి విసుగొచ్చింది. కళ్ల ముందు ఏం కనిపిస్తే అదే చెక్కి పారేసింది. పానకాలు ఆ బెరడు అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వాడు.

"ఇది ముఖమా, బోర్లించిన మూకుడా? తీసుకో తల్లీ, కార్తీకంలో భద్రంగా పట్టుకురా!" అని తన పంజాతోనే ముద్ర కొట్టి ఇచ్చాడు. ఎలాగూ చెల్లదు కదా అని అతని ధైర్యం.

కార్తీకం వచ్చింది. ఎన్నికల అధికారి కొంగ ఒంటికాలి మీద నిలబడి బెరడు చూస్తుంది, ముఖం చూస్తుంది. మూడోది చూడదు.

ముందు కప్పలు వచ్చాయి, రెండు వందలు.

"తోక ఏది?"

"రాలిపోయిందండీ. పెరిగాను."

"పెరగమని ఎవరు చెప్పారు? తర్వాత!"

పానకాలు మీసం దువ్వుకున్నాడు. కప్పలన్నీ పక్కకి తప్పుకున్నాక నెమళ్లు హుందాగా వచ్చాయి.

"పింఛం ఏది?"

"వానలు వెళ్లాక మాకు ఊడిపోతుంది. ఏటా ఉన్నదేగా!"

"బెరడులో ఉంది. మీకు లేదు. తర్వాత!"

పానకాలు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. ఇంతలో భూపతి బోడితలతో వచ్చాడు. కొమ్ములు వారం కిందటే రాలిపోయాయి.

"నేనయ్యా, అధ్యక్షుణ్ణి!"

"అధ్యక్షుల వారికి ఇంతింత కొమ్ములున్నాయి, ఇదిగో బెరడు. వారి పేరు చెప్పుకుని దొంగ ఓటుకి వస్తావా? నడువు!"

వెనకే దుప్పుల మందకి మంద తిరిగిపోయింది. కోటయ్య పాత డొల్ల విడిచి కొత్త డొల్లలో వచ్చాడు, అతనికీ ఓటు లేదు. మిగిలినవాళ్లలో ఒకరికి బొచ్చు మారింది, ఒకరికి ఒళ్లు చిక్కింది, ఎవరికీ బెరడు సరిపోలేదు. మిగతా తాబేళ్లయితే ఆషాఢంలో బయల్దేరినవి ఇంకా దారిలోనే ఉన్నాయి.

చివరికి నాంచారమ్మ వచ్చింది. ఓటు అంటే ఒక ఉసిరికాయ. రెండు కుండలు పడుకోబెట్టి ఉంటాయి, నచ్చినవారి కుండలో వెయ్యాలి. ఆమె కాయ నోట కరుచుకుందో లేదో, పానకాలు మీదికి ఉరికి, "ఈమె బెరడులో అసలు ముఖమే లేదు!" అని అరిచాడు. ఆ అరుపుకి తల, కాళ్లు, తోక అన్నీ లోపలికి పోయాయి.

కొంగ బెరడు చూసింది. ముందున్న డొల్ల చూసింది.

"అచ్చు గుద్దినట్టుంది. పొద్దున్నించీ సరిపోయింది ఈవిడ ఒక్కరే. వెయ్యండమ్మా ఓటు."

"తల బయటపెట్టమనండి!" పానకాలు గింజుకున్నాడు.

"పెడితే బెరడుకి సరిపోదు. అమ్మా, ఆ కాలు! బెరడులో కాలు లేదు, లోపలికి!"

పానకాలు ఉక్రోషంగా మూతితో తోశాడు. డొల్ల గిర్రున మూడు చుట్లు తిరిగింది. లోపల నాంచారమ్మకి చీకటి. ఏ కుండ ఎటుందో తెలియదు. తప్పు కుండలో పడితే మడుగు తన చేతులారా ఎండగట్టినట్టే. ఊపిరి బిగబట్టి చెవి పెట్టి వింది. ఒక పక్క నుంచి కటకటమని చప్పుడు. అభ్యర్థి కాబట్టి కోటయ్య తన కుండ పక్కనే నిలబడ్డాడు, కంగారులో డెక్కలు ఆడిస్తున్నాడు. నాంచారమ్మ ఆ చప్పుడు వైపు బలమంతా పెట్టి ఉఫ్ మంది.

లెక్కింపు వెంటనే అయిపోయింది. కోటయ్యకి ఒకటి, భూపతికి సున్నా. కప్పలు ఎగిరి గంతులేశాయి.

"ఆగండి. ఈ కోటయ్య బెరడులో ఉన్న కోటయ్య కాదు. కుర్చీ ఇవ్వడానికి వీల్లేదు," అంది కొంగ. "ఈ అడవి మొత్తంలో తాను తానేనని రుజువైంది ఒక్క నాంచారమ్మ గారికే. ఆవిడే అధ్యక్షురాలు. బయటికి మాత్రం రాకూడదు."

నాలుగు అడవిపందులు డొల్లని మోసుకెళ్లి కుర్చీలో పెట్టాయి. సాయంత్రానికల్లా పానకాలు చేతులు కట్టుకుని పక్కన చేరాడు.

"మేడమ్ గారూ, మడుగు ఎండగట్టే ఫైలు తెచ్చాను. వద్దనుకుంటే నోరు విప్పి చెప్పండి. చెప్పకపోతే సరేనన్నారని రాసుకుంటాను. తల బయటపెడితే పదవి పోతుంది సుమండీ."

నాంచారమ్మ లోపల ఆలోచించింది. కుర్చీ మెత్తగా ఉంది. పూటపూటకీ లేత తామరకాడలు తెస్తామన్నారు. డెబ్భై ఏళ్లలో ఒక్కరూ తనని మేడమ్ అనలేదు. అబద్ధమెందుకు, కాసేపు బాగానే అనిపించింది.

అప్పుడు ఆమె మెడ బారెడు చాపి, "వద్దు!" అని ఫైలు పట్టుకుని పరపరా నమిలేసింది.

కొంగ పరుగెత్తుకొచ్చి బెరడు తీసింది. "తల ఉంది. ఈవిడ అధ్యక్షురాలు కాదు."

"అయితే ఆ వద్దనడం చెల్లదుగా!" పానకాలు ఎగిరాడు.

"చెల్లదు. కానీ ఇప్పుడు సరేననడానికీ ఎవరూ లేరు."

పానకాలు ఆ రాత్రంతా చట్టం తిరగేశాడు. రాసింది అతనే, సందు వదలలేదు. నాంచారమ్మ మడుగు దారి పట్టింది. ఎవరూ ఆపలేదు, ఆమె ఎవరో ఎవరికీ తెలియదు మరి.

నీతి లేకుండా కథ మింగుడుపడని వాళ్లకి: తల ఉన్నవాళ్లకి గుర్తింపు ఉండదు, గుర్తింపు ఉన్నవాళ్లకి తలతో పనుండదు.