కోటేశ్వరికి కేటాయించిన మనిషి

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. పలకా బలపం నా చేతికొచ్చేసరికి నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఈ కాస్త రాయడానికి నెల పైన పట్టింది. ఒత్తులు పోయిన చోట మీరే పెట్టుకుని చదవండి.

ఒకేసారి రెండు ఉద్యోగాలకు ఎంపికైన వాళ్ళకు ప్రభుత్వం గాయపడ్డ మనిషినొకణ్ణి కేటాయిస్తుంది కాబట్టి, మంగళవారం పొద్దున పది గంటలకు కోటేశ్వరి ఇంటి ముందు జీపు ఆపి ఆశీర్వాదం అనే మనిషిని దించారు. ఒక ఉత్తర్వు అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే పనికి, రెండోది పోలీసు కానిస్టేబులు పనికి. రెండు కాగితాలకూ కలిపి ఒకే పిన్ను కొట్టారు. జీపులో వచ్చిన గుమాస్తా వల్లభరావు మనిషిని వరండాలో నులక మంచం మీద పడుకోబెట్టించి రసీదు పుస్తకం తెరిచాడు.

"తల వెనక దెబ్బ ఒకటి, కుడి డొక్కలో ఒకటి. సరిచూసుకోమ్మా. రేపొచ్చి మూడో గాయం ఉందంటే మాకు సంబంధం లేదు."

కోటేశ్వరి చూసుకుంది. సరిపోయాయి. సంతకం పెట్టింది.

నిబంధనలు రసీదు వెనక అచ్చేసి ఉన్నాయి. గడువు పదిహేను రోజులు. అభ్యర్థి అంబులెన్సును ఎంచుకుంటే మనిషి బతికినట్టు, అతనే ఆ అభ్యర్థి మొదటి రోగి. పోలీసును ఎంచుకుంటే చనిపోయినట్టు, అతనే మొదటి కేసు. ఏదీ ఎంచుకోకపోతే రెండు ఉద్యోగాలూ రద్దు. మనిషిని ఎక్కడ దొరికాడో ఆ రోడ్డు మీదే తిరిగి పడుకోబెడతారు. అప్పటిదాకా నెత్తురు కారకుండా నిలుపుదల ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని డొక్కలోని గాయం పక్కన జిగురుతో అంటించారు. స్నానం చేయించేటప్పుడు కాగితం తడవకూడదని వల్లభరావు రెండుసార్లు చెప్పాడు.

ఆశీర్వాదం మోపెడ్ మీద ఊళ్ళు తిరిగేవాడు. ఆడవాళ్ళు దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టు చుట్టలు చుట్టి గోడ సందుల్లో దాచుకుంటారు కదా, ఆ జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలిస్తాడు. బైపాసు మీద లారీ కొట్టినప్పుడు గిన్నెలన్నీ రోడ్డు మీద పడి దొర్లాయట. జనం మూగారట. గిన్నెలు ఏరుకున్నారట.

"నన్ను కూడా ఏరతారేమో అనుకున్నా అమ్మాయ్," అన్నాడు ఆశీర్వాదం. "మూతలు కూడా వదల్లేదు ముండాకొడుకులు."

కోటేశ్వరి తల్లి ఆదెమ్మ అతనికి పళ్ళెంలో ఉప్మా పెట్టింది. అతను పళ్ళెం ఎత్తి అంచు చూశాడు.

"చెల్లెమ్మా, ఈ పళ్ళెం ఎవడిచ్చాడు నీకు?"

"ఎవరో వినుకొండ ఆయన."

"ఎంత జుట్టిచ్చావు?"

"ఇంత ఉండ."

"మోసపోయావు. రేకు పల్చన. నేనైతే ఆ ఉండకి మూత గిన్నె కూడా ఇద్దును."

"ఇస్తావులే. ముందు తిను," అంది ఆదెమ్మ.

ఆ ఇంట్లో ఎవరికి ఏ ఉద్యోగం ఎందుకు కావాలో చెప్పుకోవాలంటే కోటేశ్వరి తండ్రి పున్నయ్య సంగతి చెప్పాలి. ఆరేళ్ళ కిందట ఆయన్నీ ఆ బైపాసు మీదే లారీ కొట్టింది. అంబులెన్సుకు ఫోను చేస్తే "దారిలో ఉన్నాం" అన్నారు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. అట్లా రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆయన తల కోటేశ్వరి ఒళ్ళోనే ఉంది. అందుకని ఆ పిల్ల అంబులెన్సు పని నేర్చుకుంది. ఆ తర్వాత కేసు కాగితం నకలు కోసం ఆదెమ్మ పోలీసు స్టేషను గేటు బయట పదకొండు రోజులు నిలబడింది. కూర్చోమన్నవాడు లేడు. అందుకని ఆవిడ కూతుర్ని పోలీసు పరీక్షకూ పంపింది. ఒకే చావులోంచి ఇద్దరూ రెండు ఉద్యోగాలు తెచ్చుకున్నారు.

"అంబులెన్సు ఏడాది కాంట్రాక్టు. మళ్ళీ ఏడు ఉంచుతారో ఊడగొడతారో తెలీదు," అంది ఆదెమ్మ. "ఇంట్లో ఒక ఖాకీ చొక్కా దండెం మీద ఆరేసి ఉంటే చాలే. ఎవడూ మనల్ని బయట నిలబెట్టడు."

"మరి ఈ మావయ్య?"

ఆదెమ్మ ఆశీర్వాదం వైపు చూసి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. "నాకు మాత్రం ఇష్టమా? నేను చంపుతున్నానా? లారీ కొట్టింది."

"చెల్లెమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు," అన్నాడు ఆశీర్వాదం. "పర్మనెంటు పర్మనెంటే. నాకూ ఒక కూతురుంటే అదే చెప్తా." చెంబెత్తి నీళ్ళు తాగి, "కానీ నాకు కూతురు లేదు అమ్మాయ్. నీ ఇష్టం," అన్నాడు.

ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళు. రోగి అవుతాడని కొందరు అరటిపళ్ళు తెచ్చారు. శవం అవుతాడని కొందరు చేతులు కడుక్కుని వెళ్ళారు. ఎక్కువమంది ఎటూ తేలలేదు కదా అని ఊరికే తలుపు దగ్గర నిలబడ్డారు.

పదో రోజున ఆశీర్వాదం భార్య మార్తమ్మ బస్సు దిగి వచ్చింది. తల నిండా ముసుగు. భర్తకు ఉతికిన చొక్కా తొడిగింది. గాయం పక్కన అంటించిన కాగితం నలగకుండా గుండీ పెట్టింది. తర్వాత కోటేశ్వరిని దొడ్డివైపు పిలిచి చేతిలో గుడ్డమూట పెట్టింది. విప్పితే నల్లటి జడ. మెడ దగ్గర కోసింది, రబ్బరు బ్యాండు అట్లాగే ఉంది.

"మా ఇంట్లో ఇచ్చేందుకు ఇదే ఉందమ్మా. ఇరవయ్యేళ్ళు ఊరందరి జుట్టూ తెచ్చాడు. నాది ఎప్పుడూ అడగలా."

"అత్తా, ఇదేంది? నేను అంబులెన్సుకే పోతా. వద్దు, తీసుకెళ్ళు."

"ఉంచు. జుట్టు తీసుకుంటే బదులు ఇవ్వాల. అది మా వ్యాపారంలో మాట."

కోటేశ్వరి జడను దండెం కింద మేకుకు తగిలించింది.

పదిహేనో రోజున ఆమె కాగితాలు తీసుకుని నియామకాల కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ పక్కపక్కనే రెండు కిటికీలు. పోలీసు కిటికీ తెరిచి ఉంది, మనిషి ఉన్నాడు, స్టాంపు ఉంది, ముందు వరసలో ఎవరూ లేరు. అంబులెన్సు కిటికీ తెరిచే ఉంది, మనిషి లేడు. కోటేశ్వరి అంబులెన్సు కిటికీ ముందు నిలబడింది. పదిన్నరకు వల్లభరావుని అడిగింది.

"వస్తున్నాడమ్మా. దారిలో ఉన్నాడు."

పన్నెండుకు అడిగింది.

"దారిలో ఉన్నాడు."

మూడింటికి ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. నాలుగున్నరకు పోలీసు కిటికీలో ఉన్న మనిషి స్టాంపు మీద మూత పెట్టబోతూ, "ఏమ్మా, నీది ఇటా?" అన్నాడు. అయిదింటికి రెండు కిటికీలూ మూస్తారు. మూస్తే రెండూ రద్దు, ఆశీర్వాదం తిరిగి రోడ్డు మీదకు. కోటేశ్వరికి ఒళ్ళో బరువు తెలిసింది. ఆరేళ్ళ కిందటి బరువే. అప్పుడు ఆఖరు నిమిషం దాకా వస్తారనే కూర్చుంది. ఎదురుచూస్తే ఏమవుతుందో ఆ కార్యాలయంలో అందరికన్నా బాగా ఆమెకే తెలుసు. అయిదుకు పది నిమిషాలు ఉండగా రెండడుగులు పక్కకు జరిగింది. స్టాంపు పడింది.

ఆమె మెట్లు దిగుతుంటే అంబులెన్సు కిటికీ ఉద్యోగి ఎదురొచ్చాడు. రొప్పుతున్నాడు. లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచాడు. అయిదుకు ఇంకా నాలుగు నిమిషాలుంది.

మర్నాడు పొద్దున కొత్త కానిస్టేబులు హోదాలో ఆమెకు మొదటి పని అప్పగించారు. ఆశీర్వాదానికి శవ పంచనామా రాయాలి. పంచనామా పూర్తయ్యేదాకా శవం సహకరించాలని నిబంధన ఉంది. ఆశీర్వాదం సహకరించాడు. కుడి పక్కకు తిరగమంటే తిరిగాడు. ఇంటిపేరు, తండ్రి పేరు తనే చెప్పాడు. గాయాలు రెండూ కొలిపించుకున్నాడు. మేకుకున్న జడ గురించి పై అధికారి అడిగితే, 'ఘటనా స్థలంలో దొరికిన ఆడమనిషి జుట్టు, ఒకటి' అని రాసి సంచిలో వేసి సీలు వేశారు.

పంచనామాకు ఊళ్ళోవాళ్ళు అయిదుగురు సాక్షి సంతకాలు పెట్టాలి. అరటిపళ్ళు తెచ్చిన వాళ్ళ తలుపులకు తాళాలున్నాయి. "రేపు కోర్టు చుట్టూ ఎవడు తిరుగుతాడమ్మా," అని ఒకాయన కిటికీలోంచి అని, కిటికీ కూడా వేసుకున్నాడు. ఆదెమ్మ పెట్టింది. జీపు డ్రైవరు పెట్టాడు. దోవన పోయేవాళ్ళను ఇద్దర్ని లాఠీ చూపించి పిలిచారు. అయిదో సంతకం దొరకలేదు. మధ్యాహ్నమైంది.

"ఇటియ్యి అమ్మాయ్," అన్నాడు ఆశీర్వాదం. "ఎక్కడ పెట్టాల?"

కోటేశ్వరి వేలితో చూపించింది. అతను రాశాడు. పెన్ను మూత పెట్టి తిరిగిచ్చాడు.

"జుట్టు తీసుకున్నారుగా. మార్తకి ఏదైనా ఇవ్వండి," అన్నాడు. తర్వాత వెల్లకిలా పడుకున్నాడు. నిలుపుదల కాగితం అంచులు లేచి, ఎర్రబడి, ఊడిపోయింది.

ఇప్పుడు ఆదెమ్మ ఎక్కడికి వెళ్ళినా కుర్చీ వేస్తున్నారు. రేషను షాపులో వేస్తున్నారు, బ్యాంకులో వేస్తున్నారు. స్టేషనులో కూడా వేశారు. ఆవిడ కూతురికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటుంది. గేటు బయట మార్తమ్మ నిలబడి ఉంటుంది. కేసు కాగితం నకలు కోసం వచ్చింది. శుక్రవారానికి పదకొండు రోజులు. మెడ దగ్గర కోసిన జుట్టు మీద ముసుగు నిలవక జారిపోతుంటే సర్దుకుంటుంది.

రోజూ ఒకసారి కోటేశ్వరి గేటు దాకా వచ్చి మర్యాదగానే చెప్తుంది.

"వస్తుంది అత్తా. దారిలో ఉంది."

బత్తుల సుందరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చీరాల దగ్గర పేరాలలో.